ఎముకల్లో దాక్కున్న దొంగ

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో గుర్తులేని పాఠకుల మీద నాకేమీ కోపం లేదు. వారం రోజుల్లో వాళ్ళ ఇళ్ళల్లోనూ బోలెడు జరుగుతాయి. అందుకని క్లుప్తంగా చెప్పుకుందాం. ప్రెస్సాయన అని అందరూ పిలిచే పెద్దమనిషి ఒకడున్నాడు. అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు అక్షరాలు కూర్చి రిటైరయ్యాడు. వీధి చివర మందుల షాపు బోర్డు ఓ పక్కకి వాలి ఉండటం చూసి ఓర్చుకోలేక, ఎవరూ పిలవకుండానే నిచ్చెనెక్కి సరిచెయ్యబోయి, కిందపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. బోర్డు మాత్రం తిన్నగా అయింది.

మంచాన పడ్డ కొన్ని నెలలకి ఆయనకి కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలైంది. నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టు రుచి. వేళ్ళలో పట్టు లేదు. కోడలు పనిచేసేది విషాలను పరీక్షించే లాబులో. మామగారి రక్తం ఓ గొట్టంలో పట్టుకెళ్ళి చూస్తే అందులో సీసం ఉంది. ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ ఉంది. ఆ మాట అత్తగారి చెవిలో వేస్తుంటే గోడవతలి మంచం మీంచి ప్రెస్సాయన విన్నాడు. విరిగింది కాలే కాని చెవులు కాదు కదా. ఆ ఇంట్లో పొయ్యి ముట్టించేది ఆయన బావమరిది వంటాయన ఒక్కడే. ఆ రోజు నుంచీ రోజూ పొమ్మంటూనే ఉన్నాడు, వారం తిరిగాక ఓ పొద్దున గడువు కూడా పెట్టేశాడు. "సాయంత్రం లోపల ఆ వంటాయన ఇల్లు వదలాలి!" అని ప్రెస్సాయన కేకేశాడు. అక్కడ ఆపాం.

ఆపిన పాపానికి నాకు వచ్చిన ఉత్తరాలు అన్నీ ఇన్నీ కావు. వంటాయన్ని పోలీసులకి పట్టివ్వమని సగం మంది రాశారు. ఒకావిడ ఆయన మొహం వర్ణించిన తీరు చూస్తేనే తెలిసిపోయిందని రాసింది. ఆ మొహం వర్ణించింది నేను. ఆయన మొహం గుండ్రంగా ఉంటుందని తప్ప నేనింకేమీ రాయలేదు. గుండ్రటి మొహం ఉన్నవాళ్ళంతా విషం పెడతారా? సరే, కథలోకి వెళదాం.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళకి ముందుగదిలో విచారణ మొదలైంది. కిటికీ పక్కన మంచం. మంచం మీద ప్రెస్సాయన, రెండు దిళ్ళ మీద పిండికట్టు కాలు. ఫిర్యాదీ ఆయనే, న్యాయమూర్తీ ఆయనే. అత్తగారు గోడకి ఆనుకుని నిలబడింది. అటు కట్టుకున్నవాడు, ఇటు తోడబుట్టినవాడు, ఎటు చూసినా తప్పే కాబట్టి నేల చూస్తోంది. కోడలు లాబుకి సెలవు పెట్టి మరీ వచ్చింది. కొడుకు లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు, అదృష్టవంతుడు.

వంటాయన పళ్ళెం తెచ్చి మంచం పక్క స్టూలు మీద పెట్టాడు. ఈయన ఒకప్పుడు కార్మికుల క్యాంటీన్లో పెద్ద వంటవాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. అక్కకి జ్వరమొస్తే చూసి పోదామని చాలా ఏళ్ళ కిందట వచ్చాడు. జ్వరం తగ్గింది, ఈయన ఉండిపోయాడు.

"రుచి చూడు," అన్నాడు ప్రెస్సాయన.

వంటాయన గంజిలో చెంచా ముంచి తాగాడు.

"కూర."

తిన్నాడు.

"గుడ్డు."

"గుడ్డులో విషం ఎలా పెడతారు బావా? పెంకు కూడా తియ్యకుండా తెచ్చాను."

"ముందే కోడికి పెట్టి ఉంటావు."

"అంత తెలివే ఉంటే వాడు మన ఇంట్లో ఎందుకు పడుంటాడండీ!" అంది అత్తగారు ఆగలేక.

"అక్కా, నువ్వు నా పక్షమా, బావ పక్షమా?" అన్నాడు వంటాయన నొచ్చుకుంటూ.

"నోర్ముయ్యి. నేను నీ పక్షమే మాట్లాడుతున్నాను."

రుచి చూశాక కాసేపు ఆగి, వంటాయన బతికే ఉంటే అప్పుడు ప్రెస్సాయన తింటాడు. ఈ పద్ధతి పెట్టిన దగ్గర్నుంచీ రోజూ గంజి చల్లారిపోతోంది. చల్లారిన గంజి పెట్టారని ఇంకో గొడవ. ఇంత అనుమానం ఉన్నవాడు ఆ తిండి మానెయ్యొచ్చు కదా అని మీరడుగుతారు. అత్తగారు కూడా అడిగింది. "విషం సంగతి వేరు, ఉప్పూ కారం సరిగ్గా ఉంటాయి" అన్నాడాయన.

ఆ రోజు ఇంకో చిక్కొచ్చింది. ఎంతసేపు ఆగాలో చూసుకునే గడియారం ఆగిపోయింది. ప్రెస్సాయన గడియారాన్ని గోడ మీంచి దింపించి, పొట్ట మీద బోర్లా పెట్టుకుని, వెనక మూత విప్పుతూ విచారణ సాగించాడు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను."

"ఏం పట్టారు మామయ్యగారూ?" అంది కోడలు. "అదే గంజి బాబాయ్ తాగుతున్నారు. అత్తయ్య తాగుతున్నారు. నేనూ తాగుతున్నాను. మరి మాకేం కాలేదే?"

"మీకు అలవాటైపోయింది."

"సీసం అలవాటయ్యే వస్తువు కాదు."

"వీడి పాటలు అలవాటయ్యాయి కదా. సీసం ఒక లెక్కా?"

వంటాయన కూరలు తరిగేటప్పుడు పాడతాడు. గొంతు బాగుండదు. ఈ విషయంలో ప్రెస్సాయనదే న్యాయం. కాని ఆయనే ఆ పాట వినపడే వైపుకి తల తిప్పుకుని పడుకోవడం కోడలు చాలాసార్లు చూసింది. వంటాయనకి చూస్తే ఆ ఇల్లు తప్ప వేరే దిక్కు లేదు. క్యాంటీను ఎప్పుడో మూతపడింది. పోతే ఎక్కడికి పోవాలో ఆయనకీ తెలియదు. సాయంత్రం కావడానికి ఇంకెంతో సేపు లేదు. అందుకని కోడలు తన దగ్గరున్న గట్టి సాక్ష్యం బయటికి తీసింది.

"వినండి మామయ్యగారూ. ఇంట్లో గిన్నెలన్నీ నేను గీకి చూశాను. గరిటెలు, మూకుడు, ఉప్పు డబ్బా, బాబాయ్ కూరలు తరిగే కత్తి, ఆఖరికి ఆయన పొగాకు డబ్బాతో సహా. లాబులో ఒక్కోదాన్నీ రెండేసిసార్లు పరీక్ష చేశాను. దేంట్లోనూ సీసం లేదు. బాబాయ్ ఏ తప్పూ చెయ్యలేదనడానికి ఇంతకన్నా ఏం రుజువు కావాలి?"

వంటాయన గుడ్డు పెంకు ఒలుస్తున్నవాడల్లా ఆగాడు. కోడలి మొహంలోకి చూశాడు. ఒలవడం పూర్తిచేసి, గుడ్డు పళ్ళెంలో పెట్టి, భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"పొయ్యి మీద పాలున్నాయి," అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

పాలు కాగుతున్న వాసన ఎవరికీ రాలేదు. విచారణ మంచి పట్టులో ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"గిన్నెల్లో లేకపోతే జేబులో ఉంటుంది," అన్నాడు ప్రెస్సాయన. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషికి నాలుగో కాలు తెచ్చి చూపించినా లాభం లేదు. ఆయన గడియారం వెనక స్క్రూలు ఒక్కొక్కటే విప్పి, రెండు చేతులూ ఖాళీ లేక, పెదాల మధ్య పెట్టుకున్నాడు. "మ్మ్. మ్మ్ మ్మ్ మ్మ్."

"గూట్లో సన్న స్క్రూడ్రైవరుందట, తెమ్మంటున్నారు," అంది అత్తగారు.

కోడలికి నవ్వొచ్చింది. "అది మీకెలా అర్థమైంది అత్తయ్యా?"

"పెళ్ళైన కొత్తలో నాకూ అర్థమయ్యేది కాదమ్మా. రాను రాను అదే వచ్చేసింది. ప్రెస్సుకి అన్నం క్యారేజీ పట్టుకెళితే నాతో ఇలాగే మాట్లాడేవారు. నోట్లో ఎప్పుడూ నాలుగైదు అక్షరాలుండేవి."

కోడలు స్క్రూడ్రైవరు చేతికి ఇవ్వబోయి ఇవ్వలేదు. అత్తగారి వైపు చూసింది. మామగారి పెదాల వైపు చూసింది. విషాల లాబులో పనిచేస్తూ, వారం రోజులుగా మూకుళ్ళూ గరిటెలూ గీకుతూ కూర్చున్న తనని తాను మనసులో గట్టిగా తిట్టుకుంది.

"మామయ్యగారూ, నోట్లోవి తియ్యండి."

ఆయన స్క్రూలు అరచేతిలోకి ఉమ్మాడు. "ఏమొచ్చింది?"

"ప్రెస్సులో అక్షరాలు నోట్లో పెట్టుకునేవారా?"

"పెట్టుకోకపోతే?" ప్రెస్సాయన మొహం విప్పారింది. మంచాన పడ్డాక ఆయన్ని ప్రెస్సు గురించి అడిగినవాళ్ళు లేరు. "ఓ చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, ఓ చేతిలో పట్టకారు. ప్రూఫులో తప్పొచ్చిందనుకో, తప్పు అక్షరం పీకాలి, ఒప్పు అక్షరం దూర్చాలి. పీకినదాన్ని ఎక్కడ పెడతావు? మూడో చెయ్యి లేదుగా!"

"అందరూ అలాగే చేసేవాళ్ళా?"

"చేతకానివాళ్ళు జేబులో వేసుకునేవాళ్ళు. నేను కళ్ళు మూసుకుని నాలుక మీద పెట్టుకుంటే అది ఏ అక్షరమో చెప్పేవాణ్ణి. పందేలు కాసేవాళ్ళు. ఒక్కసారి కూడా ఓడిపోలేదు."

"మరి అన్నం తినేముందు చేతులు కడుక్కునేవారా?"

ఈ ప్రశ్నకి జవాబు అత్తగారు చెప్పింది. "క్యారేజీలో రొట్టె పెడితే దాని మీద ఇంకుతో ఐదు వేళ్ళ ముద్రలూ పడేవమ్మా. ఎవరు తిన్నారో పోలీసులు వచ్చి పోల్చుకోవచ్చు, అంత బాగా పడేవి."

"నోరు తెరవండి," అంది కోడలు. కిటికీ రెక్క పూర్తిగా తీసి, ఆయన కింది పెదవి వేలితో లాగి చూసింది. చిగుళ్ళ అంచు వెంబడి, పళ్ళ మొదట్లో, సన్నగా నీలం గీత ఉంది. పుస్తకాల్లో చదవడమే కాని అలాంటిది ఆమె మనిషి నోట్లో ఎప్పుడూ చూడలేదు.

"ఏముంది?"

"గీతుంది మామయ్యగారూ. సీసం గీత."

"తిన్నగా ఉందా?"

"ఉంది."

"ఊఁ," అన్నాడాయన తృప్తిగా.

కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. "మీ అక్షరాలు సీసంతోనే కదా పోత పోస్తారు?"

"సీసం ఒక్కటే కాదు. తగరం, ఆంటిమొనీ కూడా కలుపుతారు. ఉత్త సీసమైతే మెత్తగా ఉండి అణిగిపోతుంది. తెలియకపోతే అడుగు, తప్పులు మాట్లాడకు."

"సరే, ఎక్కువ భాగం సీసం. అది నోట్లోంచి కడుపులోకి పోయింది. కడుపులోంచి రక్తంలో కలిసింది. రక్తంలో పడి ఒళ్ళంతా తిరుగుతుంది. మూత్రపిండాలు కొంత బయటికి గెంటేస్తాయి. గెంటగా మిగిలింది ఎక్కడికి పోవాలి? ఎముకలున్నాయి. ఎముకకి ఎప్పుడూ సున్నం, అదే కాల్షియం, కావాలి. సీసం సున్నం వేషం వేసుకుని వెళితే అది పోల్చుకోలేదు. తలుపు తీసి లోపల కూర్చోబెడుతుంది."

"ఎన్నాళ్ళు కూర్చుంటుంది?"

"ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు. అక్కడున్నంత కాలం పెద్దగా అల్లరి చెయ్యదు."

"మా తమ్ముడి లాగే," అంది అత్తగారు.

ప్రెస్సాయన గడియారం పక్కన పెట్టాడు. ప్రూఫు దిద్దేటప్పుడు ఎలా చూసేవాడో అలా కళ్ళు చిన్నవి చేసి కోడలిని చూశాడు. "ఆగు. ఇక్కడ నాకో తప్పు కనపడుతోంది. ముప్పై ఏళ్ళు బుద్ధిగా కూర్చున్నది ఇప్పుడెందుకు లేచింది?"

"మీరు పడుకున్నారు కాబట్టి."

"అదేం మాట?"

"ఎముకకి బరువు మొయ్యడమే పని మామయ్యగారూ. మీరు నడిచినన్నాళ్ళూ దానికి పనుంది. నెలల తరబడి మంచం దిగకపోతే ఇంక దానికి పనేముంది? పని లేని ఎముక కరగడం మొదలుపెడుతుంది. అందులో సున్నం రక్తంలోకి దిగుతుంది. సున్నంతో పాటు..."

"సీసం."

"ఆ. అది మళ్ళీ రక్తంలో పడింది. కడుపు నొప్పి దానివల్లే. నోట్లో ఆ రుచి దానివల్లే. వేళ్ళలో పట్టు లేకపోవడమూ అంతే. మీకు ఎవరూ విషం పెట్టలేదు."

ప్రెస్సాయన స్క్రూలున్న అరచెయ్యి మూసుకున్నాడు. ఇక్కడ నవ్వకండి. బావమరిది విషం పెట్టాడని రోజూ ఇల్లు పీకి పందిరేసిన మనిషి, ఆ మాట అబద్ధమని తెలిశాక సంతోషించాలి. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావమరిది దొంగైతే తిట్టుకోవచ్చు. ప్రెస్సునేమని తిడతాడు? పొద్దున్నే తాళం తీస్తే వచ్చే ఆ ఇంకు వాసనా, అక్షరాల గళ్ళ పెట్టెలో చూడకుండానే చెయ్యి వెళ్ళే చోట్లూ, తన చేతి మీదుగా వెళ్ళిన వేల పేజీలూ, ఆయనకి జీవితంలో గర్వంగా చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

"అబద్ధం," అన్నాడు చివరికి. "నా ప్రెస్సు నాకు విషం పెట్టదు."

"ప్రెస్సు పెట్టలేదు మామయ్యగారూ. మీరే తిన్నారు."

"ఇదిగో అమ్మాయ్," అత్తగారు మెల్లగా వచ్చి మంచం అంచున కూర్చుంది. "సీసం వల్ల చిరాకు కూడా వస్తుందా?"

"వస్తుంది అత్తయ్యా. మెదడు దాకా వెళుతుంది కదా. కోపం, నిద్ర పట్టకపోవడం, ఊరికే అందర్నీ అనుమానించడం."

"ఈ మంచమెక్కాకే వెళ్ళిందా, ప్రెస్సులో ఉన్నప్పుడు కూడా వెళ్ళేదా?"

"ప్రెస్సులో ఉన్నన్నాళ్ళూ రక్తంలో ఎంతో కొంత ఉండే ఉంటుంది."

అత్తగారు భర్తని ఎగాదిగా చూసింది. "అయితే ఇన్నేళ్ళూ నేను కాపురం చేసింది ఈయనతోనా, సీసంతోనా?"

దీనికి లాబులో పరీక్ష లేదు. కోడలు దుప్పటి అంచు సర్దింది.

"దించడానికి మందుందా?" అంది అత్తగారు.

"ఉంది. రక్తంలో సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి లాక్కుపోతుంది. కాని ఇంట్లో ఇచ్చేది కాదు. నిన్న చూసిన రక్తంలో సీసం మొదటిసారి కన్నా ఎక్కువుంది, ఈ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చాలి. ఇంకా పెరిగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఫిట్లు కూడా రావచ్చు. ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకూడదు."

"ముప్పై ఏళ్ళు దాచుకున్నది ఉచ్చలో పోయాలా?" అన్నాడు ప్రెస్సాయన.

"సీసమంతా పోయాక మంచి మనిషి మిగిలితే సంతోషమే," అంది అత్తగారు తనలో తాను. "అప్పుడు కూడా ఇలాగే ఉంటే?"

"అప్పుడు నేనే అని తెలుస్తుంది," అన్నాడాయన.

అత్తగారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో కోడలికి తెలియలేదు. కొంచెం కొంచెం రెండూ అయి ఉంటాయి. తర్వాత కొంగు దించి, "ఆసుపత్రి సంగతి తర్వాత. ముందు మా తమ్ముడి సంగతి తేల్చండి," అంది.

"వాడిదేముంది? పొరపాటు జరిగింది. అచ్చుతప్పు లాంటిది."

"అచ్చుతప్పు కాదు. మీ తప్పు."

"అదే, అచ్చులో పడ్డ..."

"మీ నోట్లోంచి పడింది. వాణ్ణి పిలుస్తాను, వాడి మొహం చూసి చెప్పండి."

జీవితమంతా ఊరందరి తప్పులూ ఎర్రసిరాతో దిద్దినవాడికి తన తప్పు ఒక్కటి ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆ గదిలో చూడాల్సిందే. ఆయన కిటికీ బయటికి చూశాడు. గడియారం తీసి మళ్ళీ పెట్టాడు. దిండు సరిగ్గా లేదన్నాడు. అత్తగారు దిండు సరిచేసి, చేతులు కట్టుకుని, అక్కడే నిలబడింది.

"సరే పిలువు," అన్నాడు. "తప్పు నాదేనంటాను. ఒక్కసారే అంటాను, వాణ్ణి శ్రద్ధగా వినమను. ఇంకో మాట. వాడు తోడొస్తేనే నేను ఆసుపత్రికి వస్తాను. అక్కడి తిండి నేను తినను."

"తమ్ముడూ!" అని కేకేసింది అత్తగారు. గొంతులో పండగొచ్చినంత సంబరం. "ఒరేయ్ తమ్ముడూ, బావ పిలుస్తున్నారురా!"

బదులు లేదు.

"ఒరేయ్!" అన్నాడు ప్రెస్సాయన. "నాటకాలు చాలు, రా!"

కోడలు వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి ఆరిపోయి చాలాసేపైంది. పాలగిన్నె కడిగి బోర్లించి ఉంది. నేల తుడిచిన తడి ఇంకా ఆరలేదు. పెరటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తలుపు వెనక మేకుకి వేలాడే సంచీ లేదు. సంచీ కింద ఉండే చెప్పులూ లేవు.

"వెళ్ళిపోయారు," అంది ముందుగదిలోకి వచ్చి.

"పొమ్మంటే నిజంగా పోతాడా!" ప్రెస్సాయన కంగారుపడ్డాడు. "నేను రోజూ పొమ్మంటాను. నిన్న పొమ్మన్నాను, మొన్న పొమ్మన్నాను. ఒక్కసారైనా పోయాడా? ఇవాళేమొచ్చింది వాడికి?"

కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఇవాళేమొచ్చిందో ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలిసింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

బస్టాపులో ఒక బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. కిటికీ పక్క సీట్లో, ఒళ్ళో సంచీ పెట్టుకుని, వంటాయన ముందు సీటు వీపు చూస్తూ కూర్చున్నాడు. కోడలు ఎక్కి పక్కనే కూలబడింది. ఊపిరి అందకుండానే అంతా చెప్పేసింది. అక్షరాలు, నోరు, ఎముకలు, సున్నం వేషం, నీలం గీత, ఒక్కటీ వదల్లేదు.

వంటాయన చివరిదాకా విన్నాడు. "బావ ఎముకల్లోనా!" అని నవ్వాడు కూడా. "పాపం సీసం. దూరేటప్పుడు ఎవరింట్లో దూరుతున్నామో చూసుకోవద్దూ?"

"మామయ్యగారు మిమ్మల్ని రమ్మంటున్నారు బాబాయ్. తప్పు తనదే అంటారట."

"బావా? తప్పు తనదే అంటాడా?"

"మీరొస్తేనే ఆసుపత్రిలో చేరతారట. ఇవాళ చేరకపోతే ఆయన ప్రాణానికే ముప్పు. దిగండి బాబాయ్."

వంటాయన దిగలేదు. సంచీ తాడు వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"బావ విషం పెట్టావంటే నాకు కోపం రాలేదు తల్లీ. బావలంతేగా. వంకర బోర్డు కనపడితే ఆయన ఎలా ఊరుకోడో, నేను కనపడితే అలాగే ఊరుకోడు. రేపు ఇంకేదో అంటాడు." ఆయన మొదటిసారి కోడలి వైపు తిరిగాడు. "నువ్వు గిన్నెలెప్పుడు గీకావు?"

కోడలు చెప్పుల్లేని కాళ్ళు సీటు కిందికి లాక్కుంది.

"నేను కూరలకి వెళ్ళినప్పుడేనా?"

"బాబాయ్, అది మా పని. ఎవర్నీ నమ్మకుండా ముందు అన్నీ చూడమనే మాకు నేర్పుతారు."

"నా కత్తి కూడా చూశావు. మంచిదే. పని అంటే అలాగే చెయ్యాలి." గొంతు మామూలుగానే ఉంది. "బావ రక్తంలో సీసం బయటపడ్డ రోజు లాబు నుంచి వచ్చాక నీకు అన్నం వడ్డించాను. ఆకలి లేదన్నావు. మర్నాడు తలనొప్పన్నావు. నువ్వు నీరసపడిపోయావని నేను రెండు రోజులు నీకోసం విడిగా గంజి కాచాను. అది కూడా తాగలేదు కదూ?"

కోడలు తల వంచుకుంది. ఆ గంజి ఆమె పెరట్లో పారబోసింది. పారబోసేముందు ఒక చుక్క పరీక్షకి తీసుకుంది కూడా. అది ఈయనకి చెప్పే ధైర్యం లేదు, అబద్ధం చెప్పే మొహమూ లేదు. సొంత బిడ్డలా చూసిన మనిషిని అనుమానించానన్న సిగ్గు ఆమెని నిలువునా కాల్చేసింది.

బస్సు కదిలింది. కండక్టరు సీట్లు పట్టుకుంటూ వచ్చాడు. కోడలి చెప్పుల్లేని కాళ్ళూ, చేతిలో సంచీ లేకపోవడమూ చూసి, "ఎక్కడికమ్మా?" అన్నాడు అనుమానంగా.

వంటాయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అవతల మందుల షాపు బోర్డు వెనక్కి వెళ్ళిపోయింది, ఇంటి వీధీ వెళ్ళిపోయింది. ఆ వీధిలో ఓ ముసలాయన ఆసుపత్రికి వెళ్ళనని మొండికేసి, ఈ ఒక్క మనిషి కోసం గుమ్మం వైపు చూస్తున్నాడు.

"ఈయన ఎక్కడ దిగితే అక్కడికి," అంది కోడలు.